ఒక్క ఒత్తు



ఛందస్సు మీదనో జాతీయాల మీదనో ఏదో ఒక టపా ఉంటుందని వచ్చిన పాత పాఠకులు ఈసారి కొంచెం ఓపిక పట్టాలి. ఈసారి వ్రాస్తున్నది నా శాస్త్రం కాదు. అయినా నన్ను చాలాకాలంగా గుచ్చుతున్న విషయం.

పోయిన నెలలో నా పూర్వవిద్యార్థి ఒకడు ఫోను చేశాడు. హైదరాబాదులో సాఫ్టువేరు ఉద్యోగం. కుశలప్రశ్నలు అయ్యాక అసలు సంగతికి వచ్చాడు. "మాస్టారూ, మా వృత్తిలో ఎజైల్ అని ఒక పద్ధతి ఉంది. అది పాటించేవాళ్ళంతా నెలనెలా కలుసుకొనే బృందం ఒకటి ఇక్కడ నడుస్తోంది. మీ అమ్మాయిగారు అందులో చాలాకాలం నాయకురాలిగా ఉన్నారని విన్నాను. నేను కూడా అలా కావాలంటే ఏ పరీక్ష వ్రాయాలి?"

అమ్మాయి నంబరు ఇచ్చి ఊరుకున్నాను. కాని "ఏ పరీక్ష వ్రాయాలి" అన్న ప్రశ్న మాత్రం నాతోనే ఉండిపోయింది. వాడిని ఆక్షేపించే అర్హత నాకు లేదు. నేనూ పరీక్షల మనిషినే. భాషాప్రవీణ వ్రాశాను, పండిత శిక్షణ పూర్తిచేశాను, ముప్ఫై మూడేళ్ళు పిల్లలచేత పరీక్షలు వ్రాయించాను. ప్రతి తలుపుకూ ఒక పరీక్ష ఉంటుందని వాడికి నేర్పినవారిలో నేనూ ఒకణ్ణి. అందుకే ఆ ప్రశ్నకు సమాధానం చెప్పవలసిన బాధ్యత కొంత నాకూ ఉన్నదనిపించింది.

ముందుగా ఈ ఎజైల్ సంగతి నాకు అర్థమైనంతలో చెబుతాను. ఆ రంగంలో ఉన్న బ్లాగ్మిత్రులు నా అమాయకత్వాన్ని మన్నించాలి. పెద్ద పనిని ఏళ్ళ తరబడి నాలుగు గోడల మధ్య చేసి, చివరికి ఒక్కసారి తెర తీసి చూపటం పాత పద్ధతి. తెర తీసేసరికి అడిగినవాడి అవసరం మారిపోయి ఉంటుంది. అలా కాకుండా పనిని చిన్న చిన్న భాగాలు చేసుకొని, రెండు మూడు వారాలకొకసారి వాడేవారికి చూపి, వారు చెప్పినదాన్నిబట్టి దిద్దుకొంటూ పోవటం ఈ పద్ధతి. దీనికి తెలుగేమిటని అమ్మాయి అడిగితే "లాఘవం" అన్నాను. హస్తలాఘవంలోని లాఘవమే. గురువులు తగ్గించి లఘువులతో పద్యం నడపటంలాంటిదని కూడా అన్నాను. నవ్వి ఊరుకుంది.

ఈ ఉద్యమానికి ఒక పుట్టినరోజు ఉంది. 2001 ఫిబ్రవరి 11 నుండి 13 వరకు అమెరికాలోని యూటా రాష్ట్రంలో, స్నోబర్డ్ అనే మంచుకొండల విడిదిలో 17 మంది కలుసుకున్నారు. కెంట్ బెక్, వార్డ్ కన్నింగ్‌హామ్, మార్టిన్ ఫౌలర్, కెన్ ష్వేబర్, జెఫ్ సదర్లాండ్ మొదలైనవారు. ఒకరు ఎక్స్‌ట్రీమ్ ప్రోగ్రామింగ్ అంటే మరొకరు స్క్రమ్ అనేవారు. ఎవరి పద్ధతి వారిది. అయినా కూర్చుని, తమకందరికీ సమ్మతమైన నాలుగు విలువలను వ్రాసుకున్నారు. తరువాత వాటికి పన్నెండు సూత్రాలు చేరాయి. పద్ధతులూ పనిముట్లూ అవసరమే అయినా వాటికన్న మనుషులకూ, వారి మధ్య జరిగే మాటామంతీకీ ఎక్కువ విలువ ఇవ్వాలన్నది అందులో మొదటిది. ఆ ఏడాదే ఎజైల్ అలయెన్స్ అనే లాభాపేక్ష లేని సంస్థ ఏర్పడింది.

ఆ పత్రం చూసినప్పుడు నా కన్ను ఒకచోట ఆగింది. కింద ఉన్న 17 పేర్లూ ఇంటిపేర్ల అకారాది క్రమంలో ఉన్నాయి. పెద్దపీట ఎవరికీ లేదు. మన సభల ఆహ్వానపత్రికలో ఎవరి పేరు ఏ వరుసలో ఉండాలనే దానిమీద ఎన్ని స్నేహాలు చెడిపోయాయో ఎరిగినవాణ్ణి గనుక నాకది పెద్ద విషయంగానే కనిపించింది. మరొకటి కూడా కనిపించింది. ఆ 17 మందీ పురుషులే. ఈ మాట మళ్ళీ అవసరమవుతుంది.

ఇక పరీక్షల సంగతి. ఈ రంగంలో ధ్రువపత్రాలకు కొదవ లేదు. రెండు రోజులు తరగతిలో కూర్చుంటే స్క్రమ్ మాస్టరు అనే పేరుతో ఒక పత్రం సంపాదించుకొనే ఏర్పాటు చాలాకాలంగా ఉంది. ఆ ఏర్పాటు పుట్టినచోటే దానిమీద తగవులూ పుట్టాయి. స్క్రమ్ అలయెన్స్‌ను స్థాపించినవారిలో ఒకడైన కెన్ ష్వేబర్ 2009లో దానినుంచి బయటికి వచ్చి వేరే సంస్థ పెట్టుకున్నాడు. ఆ సంస్థ కూడా ధ్రువపత్రాలు ఇస్తూనే ఉంది. స్నోబర్డ్‌లో సంతకం చేసిన డేవ్ థామస్ 2014లో, రాన్ జెఫ్రీస్ 2018లో, తాము నాటిన మొక్క అంగడిసరుకు అయిపోయిందన్న బాధతో గట్టిగానే వ్రాశారు. పత్రాలు పనికిరానివని నేననను. భాషాప్రవీణ పత్రమే లేకపోతే నాకు జీతం వచ్చేది కాదు. కాని మొదటిరోజు ఎనిమిదో తరగతిలో అడుగుపెట్టి, అరవై జతల కళ్ళ ఎదుట నిలబడ్డప్పుడు ఆ పత్రం నా పెట్టెలోనే ఉంది. నాతో తరగతిలోకి రాలేదు.

మరి మా అమ్మాయి ఏ దారిన వెళ్ళింది? దగ్గరనుండి చూసినవాణ్ణి గనుక చెప్పగలను.

మొదటి ఏడాది ఏమీ చేయలేదు. నెలకొక శనివారం వెళ్ళటం, వెనక వరుసలో కూర్చుని వినటం, తిరిగి రావటం. ఒకసారి వచ్చి, "ఇవాళ నలుగురు కొత్తవాళ్ళు గేటు దగ్గరినుంచే వెనక్కి వెళ్ళిపోయారట నాన్నగారూ, సమావేశం ఏ అంతస్తులోనో కాపలాదారుకు తెలియక" అంది. ఆ సమావేశాలకు సొంత చోటు లేదు. ఒక్కో నెల ఒక్కో సంస్థ తన భోజనశాలనో సభామందిరాన్నో ఇచ్చేది. తరువాతి నెలనుంచి అమ్మాయి అరగంట ముందు వెళ్ళి, అట్టముక్కమీద బాణం గుర్తు వేసి, గేటు దగ్గర నిలబడటం మొదలుపెట్టింది. ఎవరూ చెప్పలేదు. ఎవరినీ అడగలేదు. ఆరు నెలలు అదే పని.

గేటు దగ్గర నిలబడ్డ మనిషికి అందరి పేర్లూ తెలుస్తాయి. ఎవరు మొదటిసారి వచ్చారో, ఎవరు రావటం మానేశారో ముందుగా తెలిసేది కూడా ఆ మనిషికే. అలా తెలిసినందువల్ల మానేసినవారికి ఒక మాట వ్రాయటం, కొత్తవారిని పాతవారి పక్కన కూర్చోబెట్టటం ఆమెకు వాటంతటవే పనులయ్యాయి. ఆ తరువాత ఒక నెల, మాట్లాడవలసిన వ్యక్తి రాలేకపోతే, తమ సంస్థలో విఫలమైన ఒక పని గురించి తానే ఇరవై నిమిషాలు చెప్పింది. గెలుపు కథ చెప్పి ఉంటే చప్పట్లు కొట్టి వెళ్ళిపోయేవారేమో. ఓటమి కథ చెప్పింది గనుక జనం చుట్టూ మూగి తమ ఓటములు చెప్పుకున్నారట. మూడో ఏడు పూర్తయ్యేసరికి బృందాన్ని సమావేశపరిచే బాధ్యత ఆమె చేతికి వచ్చింది. ఎన్నిక జరగలేదు. అప్పటిదాకా చేస్తున్న పనులకు ఒక పేరు వచ్చింది, అంతే.

ఈ దారిని గురించి పుస్తకాలు కూడా ఉన్నాయని తరువాత తెలిసింది. లిండా రైజింగ్, మేరీ లిన్ మాన్స్ అనే ఇద్దరు విదుషీమణులు 2004లో 'ఫియర్‌లెస్ చేంజ్' అనే పుస్తకం ప్రచురించారు. ఒక కొత్త ఆలోచనను పదిమందిలోకి తీసుకువెళ్ళటానికి 48 మార్గాలు అందులో ఉన్నాయి. గొప్ప తంత్రాలు ఉంటాయనుకొని చూస్తే, సాయం అడగమని ఒకటి, చేసినవారికి కృతజ్ఞత చెప్పమని ఒకటి, సమావేశంలో తినటానికి ఏదైనా పెట్టమని ఒకటి! పులిహోర లేని సభకు జనం పలుచబడతారని మన దేవాలయాల వారికి ఏనాడో తెలుసు. ఎగతాళికి అనటం లేదు. ఎవరూ విలువ కట్టని పనులకు అంత పెద్ద పుస్తకంలో చోటు దొరికినందుకు నిజంగా సంతోషించాను.

ఇప్పుడు ఈ టపాకు మూలమైన రోజు గురించి చెప్పాలి.

ఒక శనివారం అమ్మాయి నన్నూ వెంట తీసుకువెళ్ళింది. ఆ రోజు పద్ధతి పేరు ఓపెన్ స్పేస్. హారిసన్ ఓవెన్ అనే అమెరికావాసి 1985లో దీనిని మొదలుపెట్టాడు. అంతకుముందు ఎంతో శ్రమపడి ఒక పెద్ద సదస్సు నిర్వహిస్తే, వచ్చినవారికి అందులో బాగా నచ్చినవి కాఫీ విరామాలేనని తేలింది. అలాగైతే సదస్సంతా కాఫీ విరామంలా నడపరాదా అనుకున్నాడాయన. ముందుగా వేసుకున్న కార్యక్రమం ఉండదు. కుర్చీలు గుండ్రంగా ఉంటాయి. గోడకు గళ్ళు గీసిన పెద్ద కాగితం ఉంటుంది. మాట్లాడదలచినవాడు లేచి, తన విషయాన్ని చిన్న కాగితం మీద వ్రాసి, గోడమీద ఒక గడిలో అతికిస్తాడు. వినదలచినవారు అక్కడికి వెళతారు. నేర్చుకోవటమూ లేదు, నేర్పటమూ లేదు అనిపించినవాడు నిరభ్యంతరంగా లేచి మరోచోటికి నడిచిపోవచ్చు. దానికి రెండు పాదాల సూత్రమని పేరట. నా తరగతిలో ఈ సూత్రం పెట్టి ఉంటే బాలవ్యాకరణం సంధి పరిచ్ఛేదం చెప్పేరోజున గదిలో నేనూ నల్లబల్లా మిగిలేవాళ్ళం!

నలభైమంది దాకా ఉన్నారు. ఒక్కొక్కరే లేచి వెళ్ళి కాగితాలు అతికిస్తున్నారు. అన్నీ ఆంగ్లంలోనే. చివర సన్నగా ఉన్న ఒక కుర్రవాడు తటపటాయిస్తూ వెళ్ళి ఒక కాగితం పెట్టి, గబగబా వచ్చి కూర్చున్నాడు. అది తెలుగులో ఉంది. "సమిష్టి బాధ్యత అంటే ఎవరి బాధ్యత?"

తెలుగు పంతులు కళ్ళకు విషయం తరువాత కనిపిస్తుంది, తప్పు ముందు కనిపిస్తుంది. అది సమిష్టి కాదు, సమష్టి. వ్యష్టికి జోడు సమష్టి. ఈ తప్పు పత్రికలలో, ప్రసంగాలలో చూసి చూసి నాకు ఒంటిమీద తేళ్ళూ జెర్రులూ పాకినట్టుంటుంది. జేబులో ఎర్రకలం కూడా ఉంది, అలవాటు పోలేదు. లేవబోయాను. అమ్మాయి నా మోచేయి పట్టుకుని కూర్చోబెట్టింది.

"తప్పు పడింది తల్లీ, ఒక్క గుడి తీసేస్తే సరిపోతుంది" అన్నాను చిన్నగా.

"తెలుసు నాన్నగారూ. మీ కూతుర్ని, ఆపాటి తెలుగు నాకూ వచ్చు. ఆ అబ్బాయి నాలుగు నెలలుగా వెనక వరుసలో కూర్చుంటున్నాడు. గోడ దగ్గరికి రావటం ఇదే మొదటిసారి."

కూర్చుండిపోయాను. తరువాతి గంటలో అక్కడ ఏమి మాట్లాడుకున్నారో నాకు సగమే తెలుసు. ఎందుకంటే నా మనసు 2003కు వెళ్ళిపోయింది.

ఇది ఇంతవరకు ఎక్కడా చెప్పలేదు. మా మండలంలో తెలుగు పండితులం పది పన్నెండుమందిమి నెలకొక ఆదివారం కలుసుకొనేవాళ్ళం. ప్రభుత్వం పెట్టింది కాదు, 1996లో మేమే పెట్టుకున్నది. పద్యం ఎలా చెబితే పిల్లలకు రుచిస్తుంది, అలంకారాలకు వాళ్ళ ఊరినుంచి ఉదాహరణలు ఎలా తేవాలి, చదవటం రాని తొమ్మిదో తరగతి పిల్లవాడిని ఏం చేయాలి - ఇవీ మా చర్చలు. పూనుకొని మొదలుపెట్టింది నేనే గనుక నిర్వాహకుణ్ణి నేనే. ఆహ్వానాలు నేనే వ్రాసేవాణ్ణి. హాజరు పుస్తకం నా దగ్గర. గది తాళంచెవి నా దగ్గర. ఎవరు ఏ విషయం మాట్లాడాలో నిర్ణయించేదీ నేనే. నా సేవాతత్పరతను అందరూ మెచ్చుకొనేవారు. నేనూ మెచ్చుకొనేవాణ్ణి.

2003లో కొత్తగా ఉద్యోగంలో చేరిన ఒక యువ పండితుడు మాలో కలిశాడు. చురుకైనవాడు. నాలుగైదు సమావేశాల తరువాత, "మాస్టారూ, వచ్చే నెల ఆహ్వానం నేను వ్రాసి తెస్తాను, మీకు కొంచెం శ్రమ తగ్గుతుంది" అన్నాడు. సరే అన్నాను. ముత్యాలవంటి అక్షరాలతో, చుట్టూ లతలు గీసి, పన్నెండు ప్రతులు వ్రాసి తెచ్చాడు. పైన పెద్ద అక్షరాలతో "సాహిత్య గోష్టి" అని ఉంది.

గోష్ఠి అని ఉండాలి. ఠ ఒత్తు. అతను ట ఒత్తు వ్రాశాడు. పన్నెండు ప్రతులలోనూ.

పదిమంది ఎదుట నేను ఆ కాగితం ఎత్తి చూపి, తెలుగు పండితుల ఆహ్వానంలోనే గోష్ఠికి ఈ గతి పడితే ఇక పిల్లలకేం చెబుతామన్నాను. రెండుమూడు నవ్వులు వినిపించాయి. ఆ పన్నెండు ప్రతులూ పక్కన పెట్టి, అప్పటికప్పుడు నేనే మళ్ళీ పన్నెండు వ్రాశాను. అతను ఒక్కమాట అనలేదు. వచ్చే నెల రాలేదు. ఆ పై నెల కూడా రాలేదు. తరువాత ఇంకెవరూ ఆహ్వానం వ్రాస్తామని అనలేదు. గది ఊడుస్తామనీ అనలేదు. అందరికీ బద్ధకమని, నేనొక్కణ్ణే బండి లాగుతున్నానని ఇంట్లో వాపోయేవాణ్ణి.

2007లో నాకు బదిలీ అయింది. హాజరు పుస్తకం, తాళంచెవి ఒక సీనియరు చేతిలో పెట్టి వచ్చాను. మా సమావేశం ఆ తరువాత ఒక్కసారి కూడా జరగలేదు. పదకొండేళ్ళ పని. ఒక్క ఒత్తు దిద్ది ఒక మనిషిని పోగొట్టుకున్నాను. ఆ మనిషితోపాటు ఆ తరువాతి ఇరవై ఏళ్ళనూ పోగొట్టుకున్నాను.

మా సమావేశం ఆగిపోయిందని విన్నప్పుడు నాకు లోలోపల ఒక గర్వం కలిగింది. చూశారా, నేను లేకపోతే నడవలేదు అని. సిగ్గుపడవలసిన విషయమే అయినా ఒప్పుకొంటున్నాను. ఎందుకంటే ఇదే గర్వాన్ని ఒక గొప్ప సిద్ధాంతంలో కూడా చూశాననుకుంటున్నాను.

ఎజైల్ వారు సేవక నాయకత్వమనే మాట ఎక్కువగా వాడతారు. ఆ మాటను ప్రచారంలోకి తెచ్చినవాడు రాబర్ట్ గ్రీన్‌లీఫ్. అమెరికా టెలిఫోను సంస్థ ఏ.టీ. అండ్ టీ.లో చాలాకాలం పనిచేసి, 1964లో విరమించుకొని, 1970లో ఒక వ్యాసం వ్రాశాడు. దానికి ప్రేరణ, మనం సిద్ధార్థ నవల ద్వారా ఎరిగిన హెర్మన్ హెస్సే 1932లో ప్రచురించిన 'జర్నీ టు ది ఈస్ట్' అనే చిన్న నవల. ప్రోగ్రాములు వ్రాసేవారి పరిభాష వెనుక ఒక నవల ఉందంటే సాహిత్యం వాళ్ళకు పొంగు రాదా మరి! అందులో కొందరు యాత్రికులు బృందంగా తూర్పుదిక్కుకు ప్రయాణం చేస్తుంటారు. లియో అనే సేవకుడు వారి సామాన్లు మోస్తూ, పాటలతో ఉత్సాహపరుస్తూ ఉంటాడు. ఒకనాడు అతను కనబడడు. బృందం చెల్లాచెదురైపోతుంది. కథ చెప్పే వ్యక్తికి ఎన్నో ఏళ్ళ తరువాత తెలుస్తుంది, ఆ లియోయే వారందరినీ పంపిన సంఘానికి అధిపతి అని. సేవకుడే అసలు నాయకుడని గ్రీన్‌లీఫ్ గ్రహించినది ఇక్కడే.

కథ మంచిదే. కాని తెలుగు పంతులుగా నాకొక సందేహం. లియో లేకపోగానే బృందం చెదిరిపోయిందంటే, అది అతని నాయకత్వానికి నిదర్శనమా, దానిలోని లోపమా? సామాను మోయటం ఇంకొకరికి ఎందుకు నేర్పలేదు? పాట ఇంకొకరిచేత ఎందుకు పాడించలేదు? నేనూ కుర్చీలు మోశాను, గది ఊడ్చాను. సేవ చేయలేదని ఎవరూ అనలేరు. అయినా నా బృందం చెదిరిపోయింది. సేవ కూడా ఒక సింహాసనం కాగలదు. పైగా ఆ సింహాసనం మీద కూర్చున్నవాడిని దిగమని అడగటానికి ఎవరికీ నోరు రాదు. గ్రీన్‌లీఫ్ మీద నింద వేయటం న్యాయం కాదు. సేవ పొందినవారు ఎదిగారా, తామూ సేవ చేసేవారుగా మారారా అన్నదే అసలు పరీక్షయని ఆయన కూడా అన్నాడు. కాని జనం లియో కథను గుర్తుపెట్టుకున్నంతగా ఆ పరీక్షను గుర్తుపెట్టుకోలేదు.

నాయక శబ్దానికి మూలం 'నీ' ధాతువు. చేర్చటమని దాని అర్థం. ముందు నడిచేవాడని కాదు, గమ్యానికి చేర్చేవాడని. చేర్చిన తరువాత పడవవాడు తీరాన నిలబడి చప్పట్ల కోసం ఎదురుచూడడు. ముప్ఫై మూడేళ్ళు ఈ వ్యుత్పత్తిని పిల్లలకు చెప్పాను. నాకు నేను చెప్పుకోలేదు.

ఆరో ఏడు పూర్తి కాగానే మా అమ్మాయి ఆ బాధ్యతనుంచి తప్పుకుంది. నేను కంగారుపడి, "ఏమ్మా, ఎవరైనా ఏమైనా అన్నారా?" అని అడిగాను. "లేదు నాన్నగారూ. రెండు నెలలు నేను అసలు వెళ్ళను. నేను లేకుండా జరగాలి. ఎవరైనా ఫోను చేసి అడిగితే చెబుతాను, అడగకపోతే లేదు" అంది. మొదటి నెల కుర్చీలు తక్కువయ్యాయట. రెండో నెల ప్రసంగం గంట ఆలస్యమైందట. ఆ రెండు శనివారాలూ ఇంట్లో అటూఇటూ తిరిగింది, ఫోను వంక చూసుకొంది. కాని వెళ్ళలేదు. గేటు దగ్గర ఆరు నెలలు నిలబడటంకన్న ఆ రెండు శనివారాలు ఇంట్లో కూర్చోవటం కష్టమని చూసిన నాకు తెలుసు.

ఇంకొక మాట దాచకూడదు. ఈ పనికి ఖర్చుంది. డబ్బు ఖర్చుకన్న శనివారాల ఖర్చు పెద్దది. మా మనవడికి జ్వరం వచ్చిన ఒక శనివారం ఆమె సమావేశంలో ఉంది. అల్లుడుగారు గంజి కాచి పట్టారు. నేను సణిగాను. కొడుకై ఉంటే సణిగేవాణ్ణి కాదేమో. ఆ 17 పేర్లలో ఒక్క స్త్రీ పేరైనా లేకపోవటానికి యూటా కొండలలో ఏ కారణముందో నేను చెప్పలేను గాని, మా ఇంటి కారణం మాత్రం నేనే. నలుగురిలో పనిచేసే స్త్రీకి ఇంటిలో ఎవరో ఒకరు గంజి కాచాలి, మిగిలినవారు సణగటం మానాలి. నాయకత్వ శిక్షణలో ఈ పాఠం కూడా చేర్చాలి.

కనుక నా విద్యార్థికి నా సమాధానం ఇది.

నాయనా, పరీక్ష వ్రాయదలిస్తే వ్రాయి. ఉద్యోగానికి పనికి వస్తుంది. నాయకత్వానికి మాత్రం గేటు దగ్గర నిలబడు. మొదట కొన్నాళ్ళు వెనక వరుసలో కూర్చుని విను. ఎవరూ చేయని పని ఏదో కనిపెట్టు. ప్రతి బృందంలోనూ ఒకటి ఉంటుంది, సాధారణంగా అది చిన్నదిగా, గౌరవం లేనిదిగా ఉంటుంది. అది చెయ్యి. మాట్లాడే అవకాశం వచ్చినప్పుడు నీ గెలుపులకన్న నీ పొరపాట్లు చెప్పు. అందరిదీ బాధ్యత అన్నచోట జాగ్రత్తగా ఉండు. పదిమందిలో పడ్డ పాము చావదని మనవాళ్ళు ఊరకే అనలేదు. ఈ నెల ఈ పని ఫలానావారిదని పేరుతో సహా ఉండాలి, వచ్చే నెలకు ఆ పేరు మారాలి. బాధ్యత నీ చేతికి వచ్చిన రోజునే అది ఎవరి చేతికి పోవాలో ఆలోచించటం మొదలుపెట్టు. తీసుకొన్నవాడు నీలా చేయడు. కొంచెం వంకరగా చేస్తాడు. ఆ వంకర చూసి నీ చేయి లేవబోతుంది. అప్పుడు ఎవరో ఒకరు నీ మోచేయి పట్టుకొనేవారు ఉండాలి. నాకు 2003లో లేరు.

"అలాగైతే తప్పులు దిద్దవద్దంటారా పంతులుగారూ?" అని మీలో కొందరు అడుగుతారని తెలుసు. ముఖ్యంగా నా వ్యాఖ్యలలోని ఎర్రసిరా దెబ్బలు తిన్నవారు. ఆ శనివారం చివర జరిగింది చెబుతాను. అందరూ టీ తాగుతుండగా ఆ కుర్రవాడే నా దగ్గరికి వచ్చాడు. నేను తెలుగు ఉపాధ్యాయుణ్ణని ఎవరో చెప్పారట. "మాస్టారూ, స్కూలు తరువాత తెలుగు వ్రాయటం ఇదే. తప్పులేమైనా ఉన్నాయా?" అన్నాడు. చెప్పాను. వ్యష్టి, సమష్టి వివరించాను. "అయ్యో, ఇన్నాళ్ళూ అందరం అలాగే అంటున్నామే" అని నవ్వి, వెళ్ళి గుడి కొట్టివేసి వచ్చాడు. అదే తప్పు, అదే దిద్దుబాటు. కాని అప్పటికి అతని కాగితం చుట్టూ పదిమంది కూర్చుని గంటసేపు మాట్లాడి ఉన్నారు. ముందు చోటు, తరువాత దిద్దుబాటు. తప్పు తప్పు కాదని నేను ఎన్నడూ అనను. క్రమం తారుమారు చేయకూడదంటున్నాను.

నేటి ఆ బృందాన్ని నడుపుతున్న ముగ్గురిలో ఆ కుర్రవాడు ఒకడని ఈమధ్య అమ్మాయి చెప్పింది.

ఇక మిగిలింది నా పని. లతలు గీసి ఆహ్వానాలు వ్రాసిన ఆ యువ పండితుడు ఇప్పుడు యువకుడు కాడు. పక్క జిల్లాలో పనిచేస్తున్నాడని తెలిసి, మిత్రుల ద్వారా ఫోను నంబరు సంపాదించాను. నంబరు చేతికి వచ్చి పన్నెండు రోజులైంది. రోజూ ఉదయం కాఫీ తాగి ఫోను చేతిలోకి తీసుకొంటాను. ఏమని మొదలుపెట్టాలో తోచక పక్కన పెడతాను. తెలుగు పండితుడికి మాట తోచకపోవటమేమిటని మీరు నవ్వవచ్చు.

ఈ టపా ప్రచురించాక చేస్తాను. ఇందులో అచ్చుతప్పులు ఏమైనా కనిపిస్తే దయచేసి చెప్పండి. నేనే అడుగుతున్నాను గనుక సంకోచించవద్దు.

సెలవు.